అల్లరి బొమ్మకీ అరలో చోటుంది

చెల్లీ, పగలంతా ఇల్లు పీకి పందిరి వేసిన పిల్లాడు రాత్రి పక్క ఎక్కాక ఏ కథ అడుగుతాడో ఎప్పుడైనా గమనించావా? బుద్ధిమంతుడైన రాజకుమారుడి కథ అడగడు. మాట వినని బొమ్మ కథే కావాలంటాడు. నిన్న చెప్పిందే ఇవాళా చెప్పమంటాడు. నువ్వు నిద్రమత్తులో ఒక్క అల్లరి పని దాటేసినా లేచి కూర్చుని మరీ గుర్తు చేస్తాడు. "పడుకునే వేళ ఈ అల్లరి కథలేమిటక్కా, రేపు వీడూ అదే చేస్తాడేమో" అని నాతో అన్న అమ్మలు చాలామందే ఉన్నారు. ఈసారి ముచ్చట వాళ్లతోనూ, నీతోనూ.

ఈ కథలు చదువుతూ, చెబుతూ వచ్చాక నాకు గట్టిగా అనిపించిన మాట ఒకటుంది. ముందే చెప్పేస్తాను. బొమ్మ చేసిన అల్లరికి పిల్లలు నవ్వుతారు, నిజమే. ఊపిరి బిగబట్టి వినేది మాత్రం ఆ తర్వాతి సంగతి. అల్లరి బయటపడ్డాక ఆ బొమ్మని ఏం చేశారు? తిట్టారా? మూల కూచోబెట్టారా? ఇంట్లోంచి పారేశారా? మళ్లీ దగ్గరికి తీశారా? పగలు నీ చేత చీవాట్లు తిన్న బిడ్డకి రాత్రి ఆ జవాబే కావాలి. తరాలు మారినా నిలిచిన అల్లరి బొమ్మల కథలు ఆ జవాబు ఎంత ప్రేమగా చెప్పాయో చూద్దాం, రా.

ఉరి వేస్తే పిల్లలు ఊరుకోలేదు

ముందు పినోకియో సంగతి. మనలో చాలామందికి వాడు 1940లో వచ్చిన డిస్నీ సినిమా వల్ల తెలుసు. అబద్ధమాడితే ముక్కు పెరిగే కొయ్యబొమ్మ అని ఒక్క ముక్కలో చెప్పేస్తాం. అసలు కథ ఇటలీది. రాసినాయన పేరు కార్లో లోరెంజీని, 1826లో ఫ్లోరెన్స్‌లో పుట్టాడు. అమ్మ పుట్టిన ఊరు కొలోది పేరునే కలంపేరుగా పెట్టుకుని కార్లో కొలోది అయ్యాడు. 1881 జులైలో రోమ్‌ నుంచి వెలువడే ఒక పిల్లల వారపత్రికలో ఈ కథ సీరియల్‌గా మొదలైంది.

ఆ బొమ్మ అల్లరి చెక్కడం పూర్తికాకముందే మొదలవుతుంది చెల్లీ. చేతులు తయారయ్యాయో లేదో, తనని చెక్కుతున్న జెపెత్తో తాత నెత్తి మీది పసుప్పచ్చ విగ్గు లాగేసుకుంటాడు. కాళ్లు రాగానే తాత ముక్కు మీద ఒక్క తన్ను తంతాడు. నడక నేర్పగానే తలుపు దాటి వీధిలోకి పరుగు తీస్తాడు. బుద్ధి చెప్పబోయిన కీచురాయి మీదికి సుత్తి విసిరితే పాపం అది చచ్చే పోతుంది. చలికి నిప్పుల కుంపటి మీద కాళ్లు పెట్టుకుని నిద్రపోతాడు. తెల్లారేసరికి కొయ్యకాళ్లు రెండూ కాలి బూడిదై ఉంటాయి.

ఇలా అల్లరి మీద అల్లరి చేస్తూ పోయిన పినోకియోని 15వ అధ్యాయంలో దొంగలు పట్టుకుని పెద్ద ఓక్ చెట్టుకి ఉరి వేస్తారు. 1881 అక్టోబరు చివర కొలోది అక్కడితో కథ ఆపేశాడు. పెద్దవాళ్ల లెక్కకి అది సబబైన ముగింపే. చెప్పిన మాట వినలేదు, ఫలితం అనుభవించాడు. పిల్లలు మాత్రం ఒప్పుకోలేదు. కథ ఇంకా కావాలని పట్టుబట్టారు. 1882 ఫిబ్రవరిలో అదే పత్రికలో కథ మళ్లీ మొదలైంది. నీలిజుట్టు దేవత ఆ బొమ్మని చెట్టు మీంచి దింపించి, పక్కమీద పడుకోబెట్టి, వైద్యుల్ని పిలిపించింది. అలా పెరిగి పెరిగి 36 అధ్యాయాలైన కథ 1883లో పుస్తకంగా వచ్చింది.

నాకు ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా ఆ ఇటలీ పిల్లల్ని ముద్దు పెట్టుకోవాలనిపిస్తుంది. పినోకియో మంచివాడని వాళ్లేం అనుకోలేదు. వాడెంత తప్పు చేశాడో అధ్యాయం అధ్యాయం చదివినవాళ్లే. అయినా వాడికి ఇంకో అవకాశం ఉండాలన్నారు. పినోకియో ఈ రోజుకీ బతికి ఉన్నాడంటే అది ఆ పిల్లల చలవే. 15వ అధ్యాయంలోనే ఆగిపోయి ఉంటే, తాతని వెతుక్కుంటూ పోయి చేప కడుపులోంచి ఆయన్ని బయటికి తెచ్చే పినోకియో ఉండేవాడే కాదు, మనిషి పిల్లాడిగా మారేవాడూ కాదు. రెండోసారి దొరికిన బతుకులోనే కదా వాడు మంచివాడయ్యాడు!

ఆ పుస్తకంలో తల్లులందరూ చదవాల్సిన చోటు ఇంకొకటుంది. జైలు నుంచి ఇంటికొచ్చిన జెపెత్తోకి ఆకలి మీదున్న పినోకియో కాళ్లు లేకుండా కనిపిస్తాడు. తాత తన పొద్దుటి తిండికి దాచుకున్న 3 పియర్ పళ్లు వాడికి ఇచ్చేస్తాడు. తొక్క తీస్తేనే తింటానని పేచీ పెడతాడు మనవాడు. తాత ఓపిగ్గా తొక్కలు తీసి, ఆ తొక్కల్నీ లోపలి గింజల బొడిపెల్నీ పారేయకుండా బల్ల అంచున పెడతాడు. పళ్లయిపోయినా ఆకలి తీరదు. చివరికి ఆ తొక్కలూ, బొడిపెలూ కూడా ఒక్కటి మిగలకుండా తినేస్తాడు. తాత తిట్టలేదు, కొట్టలేదు. తిండి విషయంలో పేచీ పెట్టే మన పిల్లలకి ఇంతకన్నా మంచి కథ నాకు కనపడలేదు. తర్వాత తాత వాడికి కొత్త కాళ్లు చెక్కి పెడతాడు. బడికి పుస్తకం కొనడానికి ఒంటి మీది కోటు అమ్మేసి, మంచు కురుస్తుంటే చొక్కాతో ఇంటికొస్తాడు. ఆ పుస్తకాన్ని వాడు బొమ్మలాట చూడ్డం కోసం అమ్మేస్తాడనుకో! అయినా తాత ప్రేమ తగ్గదు. వాడు కనపడకుండా పోతే వెతుక్కుంటూ సముద్రంలోకి పడవేసుకుని వెళతాడు.

బట్టతో కుట్టిన గడుగ్గాయి

ఇంగ్లండులో అల్లరి బొమ్మ అనగానే గుర్తొచ్చే పేరు అమీలియా జేన్. ఎనిడ్ బ్లైటన్ రాసిన కథలివి. ఆవిడ నడిపిన 'సన్నీ స్టోరీస్' అనే పిల్లల పత్రికలో ముందు వచ్చి, 1939లో మొదటి పుస్తకంగా, తర్వాత 1946లోనూ 1954లోనూ మరో రెండు పుస్తకాలుగా వెలువడ్డాయి. బ్లైటన్ పెద్ద కూతురు జిలియన్‌కి నిజంగానే అలాంటి పెద్ద బట్టబొమ్మ ఉండేది. ఆ బొమ్మే కథల్లోకి నడిచొచ్చింది.

అమీలియా జేన్ పిల్లల గదిలోని బొమ్మలన్నిట్లోకీ పెద్దది. మిగతావన్నీ కొట్లోంచి కొని తెచ్చినవి, ఇది ఇంట్లో చేత్తో కుట్టింది. కొట్లో ఉన్న బొమ్మలకి అక్కడే మర్యాదలు వంటబట్టాయట, దీనికి ఆ అవకాశం లేదు! ఈ ఊహ నాకు భలే నచ్చుతుంది. అల్లరి పిల్లని చూసి "పుట్టుకే అంత" అనేయకుండా, పాపం దానికి నేర్పినవాళ్లెవరూ లేరని రచయిత్రి ముందే దాని పక్షాన ఒక మాట వేసింది. ఇక చేతికి కత్తెర దొరికితే ఊరుకోదు, నీళ్లు దొరికితే ఎవరో ఒకరు తడవాల్సిందే. కీ ఇస్తే తిరిగే ఎలుక, ఎలుగుబంటి, తక్కిన బొమ్మలన్నీ దీని చేతిలో నానా అగచాట్లూ పడతాయి.

అప్పుడు ఆ బొమ్మలన్నీ కలిసి ఆలోచిస్తాయి. అమీలియా జేన్‌కి బుద్ధి వచ్చేలా ఏదో ఒక ఎత్తు వేస్తాయి. చాలాసార్లు దాని అల్లరి దానికే ఎదురుతిరుగుతుంది. అది ఏడుస్తుంది, క్షమించమంటుంది, ఇకమీదట బుద్ధిగా ఉంటానని మాటిస్తుంది. మిగతా బొమ్మలు సరేనంటాయి. తర్వాతి కథ తెరిస్తే మళ్లీ మొదటికే వస్తుంది!

అలా మాట తప్పడం చూసి మనకి చిరాకు రావచ్చు గానీ పిల్లలకి రాదు. ఇకమీదట గోడ మీద గియ్యను అని నీకు మాటిచ్చిన నీ కూతురు ఆ మాట మనస్ఫూర్తిగానే ఇచ్చింది చెల్లీ. మర్నాడు మళ్లీ గీసినప్పుడు కూడా నిన్నటి మాట అబద్ధమని దానికి అనిపించదు. మంచిగా ఉండాలన్న కోరికా, చెయ్యి ఆగకపోవడమూ రెండూ ఒకే బిడ్డలో ఒకేసారి ఉంటాయి. ఈ సంగతి బ్లైటన్‌కి తెలుసు. అందుకే అమీలియా జేన్ ఒక్క కథతో మారిపోదు, అలాగని మిగతా బొమ్మలు ఒక్క కథతో విసిగి దాన్ని కిటికీలోంచి విసిరేయవు. అది మర్నాటి కథలో కూడా ఆ గదిలోనే ఉంటుంది. పిల్లలకి అదే ధైర్యం.

టిగ్గర్ గెంతులు మాన్పించబోతే

ఎ. ఎ. మిల్న్ రాసిన 'విన్నీ ది పూ' 1926లో వచ్చింది. వాళ్లబ్బాయి క్రిస్టఫర్ రాబిన్ ఆడుకున్న నిజం బొమ్మలే ఆ కథల్లో చాలామంది. లండన్‌లోని హారోడ్స్ కొట్లో కొన్న ఎలుగుబంటి పూ అయింది. ఇ. హెచ్. షెపర్డ్ వేసిన బొమ్మలు ఆ కథలకి ప్రాణం పోశాయి. రెండో పుస్తకం 1928లో వచ్చింది. టిగ్గర్ అనే పులిబొమ్మ అడుగుపెట్టింది అందులోనే. టిగ్గర్‌కి చెడ్డ మనసు లేదు, ఒంట్లో నిలకడ లేదు, అంతే. ఎవరు కనిపిస్తే వాళ్ల మీదికి గెంతుతుంది. పెద్దమనిషి తరహా కుందేలుకి ఇది నచ్చదు. టిగ్గర్‌ని అడవిలోకి తీసుకెళ్లి, పొగమంచులో దారి తప్పించి, ఒక రాత్రి అక్కడే వదిలేస్తే గెంతులన్నీ మానుకుని అణిగిమణిగి ఉంటుందని పథకం వేస్తుంది.

తీరా అడవిలో ఏమయింది? దారి తప్పింది కుందేలే! టిగ్గర్ హాయిగా ఇంటికొచ్చేసింది. పొగమంచులో ఒంటరిగా, భయంతో తిరుగుతున్న కుందేలుని వెతికి పట్టుకున్నది కూడా టిగ్గరే. అంతవరకూ ఎవరి గెంతులంటే గిట్టలేదో, ఆ టిగ్గర్ ఎదురుగా కనపడగానే కుందేలుకి ప్రాణం లేచొచ్చింది.

ఈ కథ అల్లరి పిల్లల కోసం రాసినట్టే ఉంటుంది గానీ, నాకైతే మనకోసం రాసిందనిపిస్తుంది. "వీణ్ణి హాస్టల్లో వేస్తే గానీ దారికి రాడు" అని పిల్లాడి ముందే అనే ఇళ్లు మనకెన్ని లేవు? బూచాడికిచ్చేస్తా, పోలీసులకి పట్టిస్తా, అమ్మమ్మగారింట్లో వదిలేసి వస్తా అని మాటవరసకి అంటాం. మనకి అది మాటవరస. వినే బిడ్డకి అది నిజంగానే జరగబోయే సంగతి. ఇంట్లోంచి పంపించేస్తారన్న భయంతో నోరు మూసుకున్న పిల్లాడు బుద్ధిమంతుడైనట్టు కాదు, బెదిరినట్టు. కుందేలు వేసిన పథకం అదే. మిల్న్ దాన్ని నెగ్గనివ్వలేదు.

అమెరికాలో న్యూయార్క్ చుట్టుపక్కల ఉన్న చెల్లెళ్లకి ఒక మాట. క్రిస్టఫర్ రాబిన్ ఆడుకున్న ఆ పూ, టిగ్గర్, పందిపిల్ల, గాడిద, కంగారూ బొమ్మలు 1987 నుంచి న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలోనే ఉన్నాయి. కంగారూ పిల్ల రూ మాత్రం ఎన్నడో తోటలో పోయింది. పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి. పసివాడి చేతుల్లో నలిగి, రంగు వెలిసి, నూలు అరిగి ఉంటాయవి. ఎంతగా ఆడుకున్నాడో ఆ అరుగుదలే చెబుతుంది.

పగలగొట్టినవాళ్లే ఊడ్చి పెట్టారు

బీట్రిక్స్ పాటర్ 1904లో వెలువరించిన రెండు చిట్టెలుకల కథ కూడా ఈ కోవలోదే. అల్లరి ఎలుకలదైనా రంగస్థలం బొమ్మరిల్లు. లుసిండా, జేన్ అనే బొమ్మలు షికారుకెళ్లినప్పుడు రెండు చిట్టెలుకలు ఆ ఇంట్లో దూరతాయి. బల్లమీద మాంసం, చేప, పళ్లు చూసి లొట్టలేస్తాయి. కొయ్యబోతే కత్తి వంగుతుంది, తినబోతే పన్ను దిగదు. అన్నీ రంగులేసిన సుద్దవే! ఆకలి, ఆశాభంగం కలిసి ఒళ్లు తెలియని కోపం వస్తుంది. ఆ పళ్లేలన్నీ విరగ్గొడతాయి, దిండులోని ఈకలు పీకుతాయి, చేతికందినవి తమ కలుగులోకి లాక్కుపోతాయి.

కోపానికి అసలు కారణం ఏమిటో చూశావా? తిండి అనుకున్నది తిండి కాకపోవడం. సాయంత్రం బడి నుంచి వచ్చి చిన్నదానికి పెద్ద రభస చేసే పిల్లాడు కూడా చాలాసార్లు ఆకలి మీదే ఉంటాడు. ముందు కడుపు నింపి తర్వాత కారణం అడుగు అని నేనెప్పుడూ చెప్పేది అందుకే.

ఇంటి యజమానురాలైన చిన్నపిల్ల పోలీసు బొమ్మని కాపలా పెడతానంటుంది. దాది ఎలుకలబోను పెడతానంటుంది. కానీ కథ అటు పోదు. మగ ఎలుక ఎక్కడో దొరికిన వంకర ఆరు పెన్నీల బిళ్లని క్రిస్మస్ ముందు రాత్రి తెచ్చి బొమ్మల మేజోడులో వేస్తుంది. ఆడ ఎలుక రోజూ తెల్లారగట్లే చీపురూ చేటా పట్టుకుని వచ్చి బొమ్మరిల్లంతా ఊడ్చి పెడుతుంది. వాటిని ఎవరూ మెడ పట్టుకుని క్షమాపణ చెప్పించలేదు. పాడుచేసినదాన్ని చేతనైనంత బాగు చేసే దారి వాటికి దొరికింది, అంతే.

చెల్లీ, ఇది నీ ఇంట్లో రేపే పనికొస్తుంది. నీళ్లు ఒలకబోసిన పిల్లాడి చేత పదిమంది ముందు సారీ చెప్పిస్తే వాడికి అవమానం మిగులుతుంది. చేతికి చిన్న గుడ్డ ఇచ్చి "రా, ఇద్దరం తుడుద్దాం" అంటే పని మిగులుతుంది. పని చేసినవాడికి తప్పు దిద్దుకోవచ్చన్న నమ్మకం కలుగుతుంది.

వాళ్ల బొమ్మలు, మన బొమ్మలు

కొన్ని ఇంగ్లీషు కథల్లో బొమ్మలకి రాత్రిపూటే ఎందుకు ప్రాణం వస్తుందో తెలుసా? ఆ కథలు పుట్టిన కలిగినవాళ్ల ఇళ్లలో పిల్లలకి వేరే గది, దాదీలు ఉండేవారు. దీపం ఆర్పాక పక్కన అమ్మ ఉండదు. అల్మరాలోని బొమ్మలే తోడు. ఆ బొమ్మలు మెలకువగా ఉన్నాయనుకుంటే చీకటి అంత ఒంటరిగా అనిపించదు. మన ఇళ్లలో అమ్మమ్మ పక్కలోనో నాన్నమ్మ పక్కలోనో పడుకునే పిల్లలకి ఆ అవసరం పడలేదు. కథ చెప్పే గొంతే తోడుగా ఉండేది. ఇప్పుడు మనకీ పిల్లల గదులు వచ్చాయి, అమ్మమ్మలు దూరమయ్యారు. అందుకే ఈ కథలు మన పిల్లలకి ఇప్పుడు బాగా దగ్గరవుతున్నాయని నాకనిపిస్తుంది.

అలాగని మాటలాడే బొమ్మలు మనకి కొత్త కాదు. భోజరాజు విక్రమార్కుడి సింహాసనం ఎక్కబోతే 32 సాలభంజికలు ఒక్కొక్కటే అడ్డుపడి, కథ చెప్పి, నీకు ఆ అర్హత ఉందా అని నిలదీశాయి. ఆ కథల్నే కొరవి గోపరాజు 'సింహాసన ద్వాత్రింశిక'గా తెలుగు చేశాడు. తోలుబొమ్మలాటలో రామాయణం నడుస్తుండగా మధ్యలో దూరి జనాన్ని నవ్వించే జుట్టుపోలిగాడూ, బంగారక్కా, కేతిగాడూ అల్లరికి పెట్టింది పేరు. ఇక అల్లరి చేసినా ఇంటి నుంచి వెళ్లగొట్టని అమ్మ కథ కావాలంటే యశోద ఉండనే ఉంది. గోపికలు ఇంటి మీదికొచ్చి ఎన్ని ఫిర్యాదులు చేసినా విన్నది. కోపమొచ్చి కన్నయ్యని రోటికి కట్టింది. కట్టిన తాడు పట్టుకుని లోలోపల కరిగిపోయింది కూడా ఆవిడే. శిక్షా ప్రేమా ఒకే చేతిలో ఉండవచ్చని మనకి తెలియని సంగతి కాదు.

కథ ఎంచుకునేటప్పుడు ఒక జాగ్రత్త

పాత కథలన్నిట్నీ ఉన్నవున్నట్టు పిల్లలకి చదివి వినిపించకు. ఎనిడ్ బ్లైటన్ 1949లో మొదలుపెట్టిన నాడీ కథలు నీకు తెలిసే ఉంటాయి. మన తంజావూరు బొమ్మలా తలాడించే కొయ్యపిల్లాడు నాడీ. వాటిలో 1951 నాటి ఒక పుస్తకంలో నాడీని చీకటి అడవిలో పట్టుకుని, కారు ఎత్తుకుపోయిన దొంగలు నల్లటి గాలివాగ్ బొమ్మలు. ఫ్లోరెన్స్ కేట్ అప్టన్ 1895లో వేసిన ఒక బొమ్మ నుంచి పుట్టిన ఆ రూపం నల్లజాతివాళ్లని వెక్కిరించేలా ఉంటుంది. తర్వాతి ముద్రణల్లో ఆ దొంగల్ని మార్చి గాబ్లిన్లని పెట్టారు. మార్చడం న్యాయమే.

ఇది ఎక్కడో ఇంగ్లండు గొడవ, మనకెందుకు అనుకోకు. నల్లగా ఉన్నవాడు దొంగ, తెల్లగా ఉన్నది దేవకన్య అని మనం కూడా ఆలోచించకుండానే కథల్లో చెప్పేస్తుంటాం. చామనఛాయ బిడ్డ ఆ మాట విని తన చేయి చూసుకుంటుంది. అల్లరి చేసే బొమ్మకి రంగునో, లావునో, కుంటినో, నత్తినో గుర్తుగా పెట్టకు. అల్లరి ఏ రంగు బొమ్మైనా చేస్తుంది.

పినోకియోని ఉరి వేసిన చోటు, సుత్తితో కీచురాయి చచ్చిన చోటు చిన్నపిల్లలకి రాత్రి చెప్పొద్దు. పెద్దయ్యాక వాళ్లే చదువుకుంటారు. భయపడే పిల్లలకి రాత్రి బొమ్మలు లేస్తాయని చెప్పేటప్పుడు, ఆ బొమ్మలు చేసేవి నవ్వొచ్చే పనులే అయ్యుండాలి. మంచం కింద నుంచి రావడం, కళ్లు మెరవడం లాంటివి వద్దే వద్దు.

ఇవాళ రాత్రికి

పుస్తకం లేకపోయినా పరవాలేదు. ఇంట్లో ఉన్న బొమ్మల్లో ఒకదాన్ని తీసుకో. ఏటికొప్పాక లక్కబొమ్మైనా సరే, చెవి ఊడిన టెడ్డీ అయినా సరే. పేరు మాత్రం పిల్లాణ్ణే పెట్టమను. ఆ పేరు ఎప్పటికీ వాడి పేరు కాకూడదు, తోబుట్టువు పేరు అసలే కాకూడదు.

అల్లరి పని ఒక్కటి చాలు. పగలు మీ ఇంట్లో జరిగినదానికి దగ్గరగా ఉండాలి గానీ అచ్చంగా అదే కాకూడదు. పిల్లాడు పిండి డబ్బా బోర్లించాడనుకో, కథలో బొమ్మ ముగ్గు డబ్బా బోర్లించనీ. ఆ బొమ్మ అలా ఎందుకు చేసిందో ఒక కారణం పెట్టు. తెల్లగా కురిస్తే ఎలా ఉంటుందో చూద్దామనుకుందేమో. కారణం విన్నప్పుడు నీ బిడ్డ నీ ముఖం వైపు చూస్తాడు. ఆ చూపు తప్పకుండా గమనించు.

తర్వాత ఆ పనికి ఫలితం రానీ. ముగ్గు మీద కాలుజారి బొమ్మే పడనీ, మిగతా బొమ్మలు తుమ్ములతో అల్లాడనీ. బయటి నుంచి వచ్చి దండించే రాక్షసుడు అక్కర్లేదు. చేసిన పనిలోంచే చిక్కు పుడితే పిల్లలకి బాగా అర్థమవుతుంది. అక్కడ ఆగి, "ఇప్పుడేం చేద్దాం?" అని అడుగు. ఊడుద్దాం అంటారు, పిల్లి చేత నాకిద్దాం అంటారు, ఏదన్నా ఒప్పుకో. బాగుచేసే ఉపాయం వాళ్ల నోటి నుంచి రావడమే కావాలి.

చివర బొమ్మలన్నీ తమ తమ చోట్లకి చేరాలి. అల్లరి చేసినది కూడా వాటి మధ్యే పడుకోవాలి. ఇది మర్చిపోవద్దు. ఇంకొక్క మాట, కథ అయ్యాక "నువ్వూ ఇవాళ అలాగే చేశావుగా" అనొద్దు తల్లీ. ఆ ఒక్క మాటతో కథంతా చీవాటుగా మారిపోతుంది. పోలిక వాడికి తెలుసు. తెలిసే, చెప్పకుండా దాచుకున్నాడు. వాడంతట వాడే "నేను కూడా పిండి పోశాను" అన్నాడనుకో, దగ్గరికి తీసుకుని "అవును నాన్నా, రేపు ఇద్దరం కలిసి పూరీలకి పిండి కలుపుదాం" అను.

అల్లరి కథలు వింటే పిల్లలు పాడవుతారేమోనన్న నీ భయానికి నా జవాబు ఇది. గోడ మీద గియ్యడం, నీళ్లు పొయ్యడం పిల్లలు ఏ కథా వినకముందే నేర్చుకున్నారు. కథ వాళ్లకి నేర్పేది ఆ తర్వాతి పని: చిక్కు ఎలా పుడుతుంది, ఎలా విప్పుకోవాలి, ఎవరి మొహం చూసి ఎలా మాట్లాడాలి అని. తప్పు చేస్తే ఇంట్లో చోటు పోతుందనుకునే పిల్లాడు తప్పుని దాచిపెడతాడు. ఎంత తప్పు చేసినా చోటు పోదని తెలిసిన పిల్లాడు నీ దగ్గరికొచ్చి చెబుతాడు. ఇవాళ పిండి డబ్బా సంగతి చెప్పిన నోరే పదిహేనేళ్ల వయసులో పరీక్ష పోయిన సంగతీ చెప్పాలి, ఎవరో బెదిరిస్తున్న సంగతీ చెప్పాలి. ఆ అలవాటు ఇప్పుడే పడాలి చెల్లీ.

అందుకే, బాగా కేకలేసిన రోజున "ఇవాళ కథ లేదు, పో" అని మాత్రం ఎప్పుడూ అనకు. మిగతా రోజుల్లో కథ ఎగ్గొట్టినా సర్దుకోవచ్చు గానీ, ఆ రోజు మాత్రం తప్పకుండా చెప్పు. అల్లరి బొమ్మ కథే చెప్పు.